గొలుసు విప్పని దాగలి

ఆ రోజుల్లో నేను ఏ వస్తువు కొనాలన్నా ముందు కాగితం మీద జాబితా రాసుకునేవాణ్ని. చెప్పుల జతకు ఆరు అంశాలు, ప్రెషర్ కుక్కర్‌కు తొమ్మిది. (పెళ్ళిచూపులకు కూడా ఒకటి రాశాను. దాన్ని మా అమ్మ చింపేసింది.) మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, కాకినాడ నుంచి వచ్చి, ఫిల్మ్ నగర్‌లో ఒక ఆర్ట్ డైరెక్టర్ ఆఫీసులో సెట్లకు డ్రాయింగులు గీసే పనిలో కొత్తగా చేరాను. చుట్టూ అందరూ థర్మాకోల్‌తో కోటగోడలూ ఏనుగులూ చేస్తుంటే, ఇనుమంటే ఏమిటో తెలిసినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే అని నాకు గట్టి నమ్మకం.

నేను అద్దెకుండేది రహమత్ నగర్‌లో, ఒక ముసలి కమ్మరి ఇంటి మీద గదిలో. కింద ఆయన కొలిమి. గల్లీ అంతా ఆయన్ని కత్తుల తాత అనేది, ఒకప్పుడు సినిమాల్లో రాజులు దూసిన కత్తుల్లో చాలావరకు ఆయన కొట్టినవే మరి. తర్వాత ఫైబర్ కత్తులొచ్చాయి. అవి తేలిక, ఎవరికీ తెగవు. తాత కొడవళ్ళకూ గేటు గొళ్ళేలకూ దిగిపోయాడు. అలాంటి సమయంలో, క్లోజప్ షాట్లకు అసలు ఇనుప కత్తులే కావాలని మా బాస్ అంటే నేను తాత సంగతి చెప్పాను. "సోమవారం పొద్దున ఒక శాంపిల్ నా టేబుల్ మీద ఉండాలి. లేదంటే ఫైబరే," అన్నారాయన.

ఈ కబురు చెప్పగానే తాత చేతిలో గొళ్ళెం కింద పెట్టి, లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. "కత్తి కొట్టక ఏడేండ్లాయె బిడ్డా," అన్నాడు. తర్వాత మూలనున్న దాగలి వైపు చూశాడు. కాల్చిన ఇనుమును పెట్టి సుత్తెతో కొట్టే ఆ దిమ్మ లేకపోతే కమ్మరికి చేతులు లేనట్టే. ఆయనది నడుము దగ్గర పగిలి ఏడాదైంది. రైలు పట్టా ముక్క మీద నెట్టుకొస్తున్నాడు. "ఈ పట్టా మీద కొడవలి అయితది గని కత్తి గాదు. మంచి దాగలి దొరికితే సోమారం కల్ల ఇస్త. దొరకకుంటే, నాతోని కాదన్నడని చెప్పు మీ సారుకు." ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన నావైపు చూడలేదు.

మంచి దాగలిని ఎంచే బాధ్యత నేను తీసుకున్నాను. (ఎవరూ ఇవ్వలేదు.) రాత్రంతా చదివి జాబితా తయారుచేశాను. శనివారం పొద్దున మోతీనగర్‌లో పాత ఇనుప సామాన్ల సేటు దుకాణానికి బయల్దేరుతుంటే తాత నా కాగితం చూసి, "ఏందది?" అన్నాడు.

"పదకొండు పరీక్షలండీ తాతగారూ."

"దాగలికి గంత చదువుందా!" అన్నాడు, నిజమైన గౌరవంతో.

దుకాణంలో ఉన్నది ఒకటే దాగలి. పాత లారీ టైరులో కూర్చుంది. నడుము చుట్టూ దాన్ని దించడానికి వాడిన గొలుసు. ఒంటి మీద కంపెనీ పేరు లేదు, బరువు అంకె లేదు, ముద్ర లేదు. "పేరుతోని ఏం పని సార్? బరువు జూడు. ఏదో షూటింగ్ సెట్టు పీకేసినప్పుడు వచ్చింది," అన్నాడు సేటు. షూటింగ్ అనే మాట వినగానే నాకు సగం తీర్పు అయిపోయింది. అయినా పద్ధతి పద్ధతే. సుత్తెతో తట్టాను, గుమ్మడికాయను తట్టినట్టు 'డప్'మంది. బేరింగ్‌లోంచి తీసిన ఉక్కు గుండును స్కేలు పెట్టి పది అంగుళాల ఎత్తునుంచి వదిలాను. మంచి ఉక్కయితే ఏడెనిమిది అంగుళాలు ఎగరాలి. అది ఒక్క అంగుళం లేచి, అలిగినట్టు పక్కకు దొర్లింది. అంచు మీద ఆకురాయితో గీస్తే వెన్న గీసినట్టు దిగింది. ప్రతిదాని పక్కనా ఇంటూ మార్కు పెడుతూ పోయాను. తాత మాత్రం దాని మీద అరచెయ్యి ఆనించి ఊరికే నిలబడ్డాడు.

పక్కనే ఎవరో మేడం పాత లాంతర్లు ఏరుతున్నారు. జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరవబోయే కాఫీ షాపులో అలంకరణకట. ఆవిడకు కూడా వినిపించేలా ప్రకటించాను: "ఇది దాగలి కాదండీ తాతగారూ, దాగలి వేషం. పనికి పనికిరాదు."

సేటు మొహం మాడింది. తాత నా మొహం చూశాడు, కాగితం చూశాడు. "ఇంజనీరు చెప్పినంక ఇగ మాటేముంది. పద బిడ్డా," అన్నాడు.

సందు చివర చాయ్ తాగుతూ, ఊరుకోలేక ఆకురాయి శుభ్రం చేద్దామని తీశాను. పళ్ళ మధ్య ఇరుక్కున్నది ఇనుప రజను కాదు. తెల్లటి పొడి. గోటితో గీకి చూశాను. గోడలకు రంగు వేసేముందు పూసే లప్పం! మా ఆఫీసులో రోజూ చూసేదే. కొత్తగా కనబడే ప్రతి వస్తువునూ పాతగా, సొట్టలు పడినట్టు చేయడానికి మావాళ్ళు దాన్నే పూస్తారు. అంటే నేను పరీక్షించింది దాగలిని కాదు, దాని మేకప్‌ని. ఇక టైరులో కూర్చోబెట్టి, గొలుసు చుట్టిన ఇనుము ఎలా మోగుతుంది? గొలుసు విప్పాలని నా పదకొండు అంశాల్లో ఎక్కడా లేదు. తాతకు సరిగా చెప్పకుండానే పరుగెత్తాను.

అప్పటికే ఇద్దరు మనుషులు దాగలిని మేడం గారి ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నారు.

"మేడం, అది మాది!" అన్నాను.

"మీరే కదండీ పనికిరాదన్నారు? అందుకే దానిమీద మొక్క కుండీ పెట్టుకుందామని తీసుకున్నాను."

"తప్పు చెప్పానండీ." జనం ముందు ఆ మాట అనడం నాకు అదే మొదలు.

వెనకే ఆయాసపడుతూ తాత వచ్చాడు. గొలుసు విప్పించి, దాన్ని నేల మీద చెక్క మీదకు దింపించి, నా ఆకురాయితో అరచేతి మేర లప్పం గీకేశాడు. కింద నల్లటి ఉక్కు మెరిసింది. నా గుండు తీసుకుని వదిలాడు. అది టంగుమని ఎగిరి దాదాపు ఆయన చేతికే తిరిగొచ్చింది. సుత్తెతో ఒక్కటి వేస్తే అది 'ఖంగ్'మని మోగి, దుకాణంలో బేరాలన్నీ ఆగిపోయాయి.

"అయ్యో, ఇంత బాగుందా? అయితే నేనివ్వనండీ," అన్నారు మేడం. నేను సోమవారం సంగతి, కత్తి సంగతి, ఏడేళ్ళ సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ, "మరి నా మొక్క దేనిమీద పెట్టాలి?" అన్నారు.

"నా పాత దాగలి ఇస్తనమ్మా. పగిలింది గని, నలభై ఏండ్లు దెబ్బలు తిన్నది. జూస్తానికి గిదానికన్న మస్తుగుంటది," అన్నాడు తాత.

"ఒరిజినలేనా?"

"ఒరిజినలే. నేను గూడ."

ఆవిడ నవ్వేశారు. ఆ ట్రాలీలోనే రహమత్ నగర్ దాకా వచ్చాం. వెనక దాగలికి చెరో పక్కా నేనూ తాతా. యూసుఫ్‌గూడ దాటాక, ఉండబట్టలేక అడిగాను: "మీకు ముందే తెలుసు కదండీ?"

"చెయ్యి పెట్టంగనే తెల్సింది. ఇనుము సల్లగుంటది, గిది జర వెచ్చగ తగిలింది. పైన ఏందో పూసిన్రు అనుకున్న."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

తాత రోడ్డు వైపు చూస్తూ అన్నాడు: "గంతమంది ముంగట ఎట్ల చెప్తా బిడ్డా? నాకోసం గంత ముద్దుగ రాస్కొని వస్తివి. నిన్ను ఇంట్ల దింపి, నేనొక్కన్నే మల్లొచ్చి తీస్కపోదామనుకున్న."

సోమవారం పొద్దున కత్తి మా బాస్ టేబుల్ మీద ఉంది. ఆయన దాన్ని ఎత్తబోయి, బరువుకు రెండో చెయ్యి కూడా వేశారు. ఆ తర్వాత నేను చాలా తీర్పులు చెప్పాను, కొన్ని సరైనవి కూడా. కానీ తాత నా తప్పుడు తీర్పుకిచ్చిన మర్యాద, నా సరైన తీర్పుల్లో దేనికీ ఇంతవరకు దక్కలేదు. దాగలి మీద చెయ్యి వేసుకుని, ట్రాలీలో బిక్కమొహంతో కూర్చున్న ఆ కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా.