మరిది తెచ్చిన సాసేజీలు

భర్త అమరనాథ్‌కు బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన రోజే వెంకటలక్ష్మమ్మ ఊరగాయ జాడీని అటకెక్కించింది. సంగటిలోకి చప్పటి పులుసు కాచి, తానూ అదే తినేది. ఆయన మూతి ముడిచినా పట్టించుకునేది కాదు. అయినా బీపీ దిగలేదు. ఒక పొద్దున మెదడులో నరం చిట్లి మనిషి పోయాడు.

దినాలు కాకముందే మరిది పురుషోత్తమ్ బంధువులందరికీ చెప్పుకొచ్చాడు. "చప్పిడి కూడు పెట్టి మాయన్నను సంపేసింది." చింతామణి ఊళ్ళో ఆ మాట నమ్మనివాళ్ళు లేరు.

పురుషోత్తమ్‌కు బస్టాండు దగ్గర బేకరీ ఉంది. బన్నులో సాసేజీ అనే మాంసపు కడ్డీ పెట్టి హాట్‌డాగ్ అని అమ్ముతాడు. అన్న రోజూ సాయంత్రం అక్కడే తినేవాడని, పక్కన పూలమ్మే మునిశామప్ప తర్వాతెప్పుడో నోరు జారాడు.

"నీళ్ళలో ఉడకేసిందే గదన్నా, దీంట్లో ఉప్పు యాడుండాది, తిను అనేటోడమ్మా మీ మరిది."

ఆమె డాక్టరునే అడిగింది. "మాంసం నిలవుండాలని దండిగా ఉప్పేస్తారమ్మా. కొవ్వు కూడా ఎక్కువే. ఊరగాయ మాని అది తింటే ఏం లాభం?" అన్నాడాయన.

పెద్దల అమావాస్య వచ్చింది. పోయినవాళ్ళకు ఇష్టమైనవి ఫోటో ముందు పెట్టి, తర్వాత అందరూ పంచుకుని తినాలి. ఆమె మరిదికి మెత్తగా కబురు పెట్టింది. "మీయన్నకు ఇష్టమైంది నువ్వే తీసుకురాప్పా."

"మాయన్నకు నా హాట్‌డాగంటే ప్రాణం," అంటూ అతను పొంగిపోయి సాసేజీలు తెచ్చాడు.

మరిది తన పిల్లలకు మాత్రం ఒక్క ముక్కా పెట్టడని ఆమె అప్పటికే కనిపెట్టింది. బంధువులంతా ఆకుల ముందు కూర్చున్నాక, తిన్నగా వెళ్ళి సాసేజీలు ఆ పిల్లల ఆకుల్లోనే వడ్డించబోయింది. వాళ్ళమ్మ ప్రతిమ చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

"మా పిల్లోల్లకు వద్దక్కా. వట్టి ఉప్పూ కొవ్వూనంట, ముట్టొద్దని ఈయనే చెప్తాంటారు."

పంక్తిలో అందరి చేతులూ ఆగిపోయాయి. వెంకటలక్ష్మమ్మ ఆ సాసేజీలన్నీ తెచ్చి మరిది ఆకులో కుమ్మరించింది.

"బిడ్డలకు చెప్పిన మాట మీయన్నకు చెప్పలేదేమప్పా? తిను. అందరూ సూస్తాండారు."

అతను తల దించుకుని తిన్నాడు. ఆకు ఖాళీ అయ్యేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.