మిరపకాయ మీద వేసిన నింద

మొన్న ఉదయం మా కోడలు, ఏడో నెల నిండబోతున్న పిల్ల, నిన్నటి నుంచి తలనొప్పిగా ఉంది అత్తయ్యా, కళ్ళ ముందు మెరుపుల్లాగా వస్తున్నాయి అంటే, మా అబ్బాయి టిఫిన్ ప్లేటులోంచి తల ఎత్తకుండానే "ఆ ఫోను చూడటం తగ్గించు, అదే పోతుంది" అని తేల్చేశాడు. కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి లేచాను. కుండకైనా కుదురుంటుంది, నీకు లేదని మా వారు నన్ను అంటుంటారు గాని, ఆ పూట ఉన్న కాస్తా ఊడిపోయింది. జుట్టు ముడేసుకోవడం కూడా మరచి, ఆటో పిలిపించి, కోడలిని దర్శి ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ బల్ల మీద కూర్చున్న పాపాన పోకుండా నర్సమ్మ గది గుమ్మం దాకా వెళ్ళివస్తుంటే, పక్కనున్న ముసలమ్మ "కానుపు నీకా, ఆ పిల్లకా తల్లీ?" అని అడగనే అడిగింది.

ఏం చెప్పను ఆవిడకి? మన ఈడు వాళ్ళకైతే చెప్పనక్కర్లేదు, మిరపకాయలు ఎండే రోజుల్లో మన ఊళ్ళలో తలనొప్పి లేని మనిషంటూ ఉండేవాడు కాదు. మా పుట్టింట్లో కాయలు ఆరబోసే కళ్ళం ఇంటి వెనకే. గాలి ఇటు తిరిగిందంటే ఇంటిల్లిపాదికీ దగ్గులు, తుమ్ములు. వచ్చిన చుట్టం ఏడుస్తూ లోపలికి వచ్చి నవ్వుతూ బయటపడేవాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్క తొలి కానుపుకు పుట్టింటికి వచ్చింది. ముఖం ఉబ్బి నిండుగా ఉంటే ఒళ్ళు చేసిందని మురిసిపోయాం. సీమంతం నాడు గాజులు తొడిగే ఆవిడ సబ్బు రాసినా గాజు ఎక్కక, "పుట్టింటి నెయ్యి బాగా పట్టిందమ్మోయ్" అంటే ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ఒళ్ళు చేయడానికీ ఒళ్ళు నీరు పట్టడానికీ తేడా మాకెవరికి తెలుసు?

ఆ తరువాత అక్క, తల పగిలిపోతోందే అమ్మా, చూపు మసకలేస్తోంది అంటే, అమ్మ "ఘాటు తల్లీ, కాయలు ఎత్తేసిందాకా ఇంతే" అంది. అని ఊరుకోలేదు, మంచం ముందు గదిలోకి మార్పించి, కిటికీకి తడిగుడ్డ కట్టి, నుదుటికి సొంఠి పట్టు వేసింది. నాన్న కూలీలను కేకేసి కాయలు తిరగెయ్యడం ఆపించాడు. అంత ప్రేమగా పొరబడ్డాం.

మధ్యాహ్నం ఆ మంచం మీదే అక్క కళ్ళు తేలేసి, పళ్ళు గిట్టకరిచి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అమ్మ స్పృహ తప్పి అరుగు మీద కూలబడితే, ఆమెను పిన్ని మీద వదిలేసి, ట్రాక్టరులో గోతాలు పరిచి నాన్నా నేనూ అక్కను ఒంగోలు చేర్చాం. అక్క దక్కింది. బిడ్డ దక్కలేదు, ఆడపిల్ల. డాక్టరుగారు బయటకు వచ్చి, ఇన్ని నెలల్లో ఒక్కసారైనా బీపీ చూపించారా అని అడిగారు. బీపీ అంటే కోపిష్టి వాళ్ళకు వచ్చేదనుకున్న నాన్న, ఇంత నెమ్మదస్తురాలికి బీపీ ఏంటండీ అని ఆయన్నే ఎదురు అడిగాడు.

మొన్న నర్సమ్మ కోడలి చేతికి పట్టీ చుట్టి చూసి, మళ్ళీ చూసి, డాక్టరమ్మను పిలిచింది. ఎక్కువే ఉంది. మాత్ర వేసి, మూత్రం పరీక్ష చేసి, అంబులెన్సులో ఒంగోలు పంపారు. ఏ బాధా లేకపోయినా వెళ్ళినప్పుడల్లా బీపీ చూపించుకోవాలనీ, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, ముఖమూ చేతులూ ఉబ్బినా, పొట్ట పైన నొప్పి వచ్చినా రేపు చూద్దామని ఆగొద్దనీ అక్కడి సిస్టరు చెబుతుంటే, మా అబ్బాయి బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని విన్నాడు. కోడలిని ఇంకా అక్కడే ఉంచుకుని చూస్తున్నారు. లోపల బిడ్డ తన్నుతూనే ఉంది.

అమ్మ మాత్రం ఆ ఏడాది తరువాత ఇంటి వెనక ఒక్క కాయ ఆరబోయనివ్వలేదు. నా మనవరాలిని ఈ మిరపకాయే పొట్టన పెట్టుకుందని పోయేదాకా తిట్టుకుంది, కూరలో కారం కూడా మానేసింది. డాక్టరుగారి మాట విన్నది నాన్నా నేనూ. ఇద్దరం ఆమె చెవిన వెయ్యలేదు. ఇప్పుడు కళ్ళాలు ఊరి బయటకు పోయాయి, బీపీ మిషను గుమ్మం దాకా వస్తోంది, మంచిదే. కాని ఈ ఆసుపత్రి వరండాలో కూర్చోలేక తిరుగుతుంటే అనిపిస్తోంది: అన్నీ తెలిసిన మా ఇంట్లో ఇప్పుడేమన్నా జరిగితే, తిట్టుకోవడానికి నాకొక మిరపకాయైనా లేదు.