నేను అర్థం కల్పించిన ఇప్పచెట్టు పాట

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఈసారి అడవికి వెళ్ళింది నా అబద్ధం మీద ఒక సంతకం పెట్టించుకోవడానికి. సంగీతం చదువుతూ ఆరు నెలలు జర్మనీలో ఉన్నాను. పొద్దున్నే సాధన గది తాళం కోసం వరుసలో నిలబడటం, రొట్టెలోకి ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి, గురువారం బృందగానం. అక్కడ ఒక్కొక్కరూ తమ ఊరి పాట ఒకటి నేర్పాలి. అంతకు ముందు వేసవిలో భద్రాచలం దగ్గర ఇప్పపూలు ఏరుతూ ఒక కోయ పెద్దమ్మ పాడుతుంటే చాటుగా ఫోన్‌లో వీడియో తీశాను. నా వంతు రాగానే ఆ పాటే బయటికి తీశాను. ఆ భాష నాకు ముక్క రాదు. "పూలేరే పాట, సంతోషంగా పాడతారు" అని నోటికొచ్చింది చెప్పి, చప్పట్లు కూడా కలిపి నేర్పాను. అందరూ మెచ్చుకుంటుంటే పొంగిపోయాను. నేను తిరిగొచ్చాక, దాన్ని కచేరీలో పెడతామనీ, పాడినావిడ సంతకంతో అనుమతి పంపమనీ అక్కడి టీచర్ మెయిల్ పెట్టింది.

ఖమ్మంలో తెల్లవారుజామున నాలుగున్నర బస్సెక్కితే ఏన్కూరు, కొత్తగూడెం మీదుగా ఎనిమిదింటికి భద్రాచలంలో దిగాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. అక్కడి నుంచి గూడేనికి షేర్ ఆటో, మనిషికి నలభై.

"ఏంది మేడం, ఇప్పపూలు కొననీకి వచ్చిండ్రా?" అన్నాడు ఆటో నడిపే ముత్తయ్య.

"కాదన్నా, ఈ పెద్దమ్మతోని మాట్లాడాలె" అని ఫోన్ చూపించాను.

"అవ్, కన్నమ్మక్క. మా గూడెమే. జల్దీ పోదాం, ఎండెక్కితే ఇంటికి పోతది."

చెట్టు కింద కన్నమ్మ వంగి పూలు ఏరుతోంది. గంప సగం నిండింది. మురిసిపోతుందనుకుని జర్మనీ బృందగానం వీడియో పెట్టాను. ఇరవై మంది చప్పట్లు కొడుతూ ఆమె పాట పాడుతున్నారు. నడుం పట్టుకుని లేచి, ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చూసింది.

"గీళ్ళెందుకు నవ్వుతున్నరు బిడ్డా?"

నేను ఫోన్ వెనక్కి తీసుకున్నాను.

"చెట్లు మేం ఇంటింటికి పంచుకుంటం. గిది మా తమ్ముని చెట్టు. వాడు పోయినంక నేనే ఏరుతున్న. పూలేరుకుంట వానితోని చెప్పుకొని ఏడ్సిన. గదే గిది."

చచ్చినంత పనైంది. అప్పటికైనా బుద్ధి రావద్దా? "వాళ్ళకు తెల్వదు పెద్దమ్మా" అన్నాను, తప్పు వాళ్ళదైనట్టు.

"నీకు ఎరుకేనా మరి?"

"తెల్వదు. నేనే కల్పించి చెప్పిన." నా వెంటే వచ్చిన ముత్తయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. "పాడొద్దని చెప్పనా?"

కన్నమ్మ మళ్ళీ వంగి నాలుగు పూలు ఏరింది. "ఒద్దనే చెప్పు. గాళ్ళకు తమ్ముళ్ళు పోతే గాళ్ళ ఏడుపు గాళ్ళకుంటది." తర్వాత ఖాళీ గంప ఒకటి నా ముందుకు తోసింది. ఎండెక్కేదాకా ఇద్దరం ఏరాం.

తిరుగు బస్సులో టీచర్‌కి ఉన్నదున్నట్టు రాశాను. రాస్తున్నంతసేపూ చెవులు మండిపోయాయి. ఫోన్‌లో పాట తీసేశాను. కానీ స్నానం చేస్తుంటే, కూర తరుగుతుంటే, నాకు తెలియకుండానే నోట్లోకి వస్తుంది, నేను కలిపిన చప్పట్లతో సహా. మీరూ వెళ్ళాలనుకుంటే ముందు రోజే భద్రాచలంలో బస చేసి, ఆరింటికల్లా గూడెం చేరండి. ఫోన్ సంచిలోనే ఉంచి, ముందు గంప అడిగి తీసుకోండి.