ఆయుధపూజనాడు అంగడికెళ్లిన సర్దార్

ఒకప్పుడు పటాన్‌చెరులో ఒక షిఫ్టు మనుషులందరి పాస్‌వర్డ్‌లు నాకు తెలిసేవి అంటే, ఇప్పటి పిల్లలు నన్ను పోలీసులకు పట్టించేలా చూస్తారు. నేనేమీ దొంగను కాను. హైవే పక్కన, వెల్డింగ్ షాపుకూ కర్రీ పాయింట్‌కూ మధ్య కిరాయికి తీసుకున్న షట్టర్‌లో నెట్ సెంటర్ నడిపేదాన్ని. బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులు అవి. మా ఆయన మందుల కంపెనీలో షిఫ్టులు చేసేవాడు. నేను ఇంట్లో ఊరికే కూర్చుంటే గోడలతో కూడా గొడవ పెట్టుకుంటానని ఆయనకు తెలుసు కాబట్టి, సెంటర్ పెడతానంటే ఎదురు చెప్పలేదు.

మధ్యాహ్నం పొద్దుటి షిఫ్టు వదిలాక ఫ్యాక్టరీల నుంచి మనుషులు వచ్చేవారు. ఎంత కడుక్కున్నా గోళ్లలో గ్రీజు పోయేది కాదు. నా కీబోర్డుల మీద అక్షరాలన్నీ దానికే మాసిపోయాయి. అసలే ఆ అక్షరాల వరుస వాళ్లకు నచ్చేది కాదు. "ఏ పక్కన బీ లేకపోవుడు ఏంది చెల్లే, గిదేం పద్ధతి" అని నేనే ఆ కీబోర్డు తయారుచేసినట్టు నా మీద కోప్పడేవారు. అందుకని మా సెంటర్‌లో ఒక అలవాటు పడింది. వచ్చినవాళ్లు కౌంటర్ మీదుగా వంగి నా చెవిలో పాస్‌వర్డ్ చెప్పేవారు, నేను వెళ్లి కొట్టి పెట్టేదాన్ని. భార్య పేరు, ఊరి పేరు, బండి నంబరు, ఇలాంటివే. ఒకాయన భార్య పేరు కాని పేరు చెప్పి, నా మొహం చూసి, మర్నాడే మార్పించుకున్నాడు. ఎవరిదీ ఎవరికీ చెప్పేదాన్ని కాదు. నాకు చదువు అంతంతమాత్రం, నోరు ఎక్కువ, కానీ ఆ ఒక్క విషయంలో నా మాట బంగారమని అందరూ అనుకునేవారు. అది నాకు చాలా గర్వంగా ఉండేది.

వాళ్లంతా కలిసి ఒక ఆన్‌లైన్ ఆట ఆడేవారు. కోటలు, గుర్రాలు, కత్తులు, అవి కొనడానికీ అమ్మడానికీ ఒక అంగడి. ఒక దండుగా కూడి, ఏళ్లు కష్టపడి, ఒక కోట సంపాదించారు. దండుకు నాయకుడు పైపుల ఫ్యాక్టరీలో క్రేన్ నడిపే అన్న. ఆటలో అతని యోధుణ్ని అందరూ సర్దార్ అనేవారు. ఒక్కడు మాత్రం మా సెంటర్‌కు వచ్చేవాడు కాదు. సంగారెడ్డిలో, కోర్టుకు పోయే దారిలో గడియారాలు బాగుచేసే భాయ్ అతను. తన దుకాణంలోనే ఒక కంప్యూటర్ పెట్టుకుని, గిరాకీ లేనప్పుడు అక్కడి నుంచే యుద్ధాలు చేసేవాడు.

క్రేన్ అన్నకు ఒక రోగం ఉండేది. రోజంతా షెడ్డు పైన క్యాబిన్‌లో కూర్చుని కిందివాళ్లందరినీ చూసే మనిషి కదా, ఆటలో మాత్రం తన ముందున్న నాలుగు చెట్లే కనబడుతున్నాయని బాధపడేవాడు. అలాంటివాడికి ఎవరో దుర్భిణి సంగతి చెప్పారు. అది ఆట తయారుచేసినవాళ్లది కాదు. ఎవరో బయటివాళ్లు తయారుచేసి నెట్‌లో ఊరికే పెట్టిన చిన్న ప్రోగ్రామ్. ఆటకు తగిలిస్తే శత్రువులు ఎక్కడెక్కడ దాక్కున్నారో మొత్తం పైనుంచి చూపిస్తుంది. అన్న దాన్ని వేసుకుందామని కూర్చున్నాడు. కూర్చోగానే మా యాంటీవైరస్ ఎర్రడబ్బా చూపించి గోల పెట్టింది.

"వద్దన్నా, దాంట్లో వైరస్ ఉంది" అన్నాను.

"లేదు చెల్లే. ఆ వెబ్‌సైట్ల ముందుగాలనే రాసిండ్రు. ఊకె మొత్తుకుంటది, బంద్ చేసి ఎక్కించుకోమన్నరు."

"ముక్కూ మొహం తెలియనివాడు మనకు దుర్భిణి ఊరికే ఎందుకు ఇస్తాడు? మీ కంపెనీవాళ్లు చేతులకు తొడుగులు కూడా పాతవి చూపిస్తే గాని కొత్తవి ఇవ్వరు కదా."

"నీకు అన్నిట్ల అనుమానమే" అని నవ్వి, యాంటీవైరస్ ఆపడానికి సిద్ధమయ్యాడు. దండు అంతా అతని వైపే. తర్వాత తెలిసింది, వాళ్ల షెడ్డులో ఒక సైరన్ ఉండేదట. దుమ్ము లేచినా మోగేది, వాన పడినా మోగేది. కొత్తగా పనిలో చేరినవాడు అందరికంటే ముందు నేర్చుకునే విద్య దానికి గోనెపట్టా చుట్టడం. అలాంటి చోట పనిచేసేవాళ్లకు నా యాంటీవైరస్ గోల ఒక లెక్కా? నేను మాత్రం పట్టు వదల్లేదు. కావాలంటే మూలన ఉన్న సిస్టమ్‌లో మాత్రమే వేసుకో, మిగతావాటి జోలికి వస్తే ఊరుకోను అన్నాను. మిగతావాటి నుంచి దాని లైను విడిగా తీయించి, ఆ మూలకు సంగారెడ్డి జైలు అని పేరు పెట్టాను. అన్న సంతోషంగా జైలుకు వెళ్లి కూర్చున్నాడు. దుర్భిణి బాగానే పనిచేసింది. దండు వరసగా గెలవడం మొదలుపెట్టింది. నన్ను రోజూ ఏడిపించేవారు.

దసరా వచ్చింది. మా వైపు ఫ్యాక్టరీల్లో ఆయుధపూజ ఎంత నిష్ఠగా చేస్తారో చూడాల్సిందే. మిషన్లు కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టాక వాటిని ముట్టుకోరు. మర్నాటిదాకా అవి విశ్రాంతి తీసుకోవాలి. మా సెంటర్‌లో కూడా అలాగే చేశాం. క్రేన్ అన్నే గుమ్మడికాయ కొట్టాడు. మానిటర్లకు బొట్లు పెట్టి, మెయిన్ స్విచ్ ఆపి, షట్టర్ దించి తాళం వేశాను. జైలుకు కూడా ఒక దండ వేశాం.

మర్నాడు మధ్యాహ్నం అన్న వచ్చి చెవిలో మాట చెప్పాడు, నేను కొట్టాను. ఆట తెరుచుకుంది. కోటలో సర్దార్ నిలబడి ఉన్నాడు. కత్తి లేదు, గుర్రం లేదు, కవచం లేదు, కాళ్లకు జోళ్లు కూడా లేవు. కోట అమ్మాలంటే దండు అంతా ఒప్పుకోవాలి కాబట్టి కోట ఒక్కటి మిగిలింది. మేం ఇంకా నోళ్లు తెరిచే ఉన్నాం, అన్న సెల్లు మోగింది. సంగారెడ్డి భాయ్.

"అరే సర్దార్, నిన్న పండుగ పూట అంగడిల ఏం పని బై నీకు? అన్నీ అమ్ముకుంటున్నవ్. సలాం జేస్తే జవాబ్ గూడ ఇయ్యలే. ఏం పరేషాన్ వచ్చింది?"

అన్న ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను. అతను మెల్లగా అడిగాడు.

"చెల్లే, నిన్న పూజ అయినంక మిషన్ నడిపినవా?"

"లేదన్నా."

"కత్తి పోతే ఇంకోటి సంపాదిస్త. పండుగ నాడు మిషన్ ముట్టుడేంది?"

వాళ్ల లెక్క నాకు అప్పుడు అర్థమైంది. సర్దార్ అనేవాడు మా మూలన ఉన్న ఆ డబ్బాలోనే ఉంటాడని వాళ్ల నమ్మకం. అతను కదిలాడంటే ఎవరో ఈ షట్టర్ తెరిచి, ఈ డబ్బా ఆన్ చేసి ఉండాలి. తాళంచెవి నా దగ్గర ఉంది, పాస్‌వర్డ్ నాకు తెలుసు. దొంగతనం కంటే ఆయుధపూజ భంగం చేశానన్నదే వాళ్లకు పెద్ద నేరం. ఎక్కడో ఉన్న ఎవడైనా పాస్‌వర్డ్ తెలిస్తే సర్దార్‌ను నడిపించగలడని, ఆ దుర్భిణే మన కీబోర్డు మీద పడే ప్రతి అక్షరాన్నీ వాడికి మోసి ఉంటుందని చెప్పాను. "మిషన్ చెవులు పెట్టుకొని ఇంటదా చెల్లే" అని ఒకతను నవ్వాడు. అన్న నవ్వలేదు, నమ్మనూ లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. తాళంచెవి కౌంటర్ మీద విసిరికొట్టి, ముట్టలేదంటే ముట్టలేదని అరిచాను.

ఎవరూ సెంటర్ మానలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. వచ్చేవారు, మర్యాదగా పలకరించేవారు. కానీ చెవిలో చెప్పడం మానేశారు. ఒక వేలితో వెతుక్కుంటూ తామే కొట్టుకునేవారు. ఒకతను రెండో చేత్తో టిఫిన్ డబ్బా మూత కీబోర్డుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ మూత చూసిన రోజు ఇంటికి వెళ్లి ఏడ్చాను. మా ఆయన, "ఆటనే కదనే, ఇడిసిపెట్టు" అన్నాడు. ఆట కాదు, నా పేరు పోయింది అని ఆయన మీద కూడా అరిచాను.

ఏడుపు అయ్యాక బుర్ర పనిచేసింది. శనివారం అందరి ముందూ అన్నతో చెప్పాను. "నీ పాస్‌వర్డ్ నువ్వే మార్చుకో. ఆ జైలు సిస్టమ్‌లోనే, ఆ దుర్భిణి ఉండగానే. నేను రోడ్డు అవతల బస్టాపులో నిలబడతాను. మార్చాక షట్టర్ నువ్వే వేసి తాళంచెవి నీ జేబులో పెట్టుకో. రేపు పొద్దున అందరం సంగారెడ్డి పోదాం. భాయ్ కంప్యూటర్ ముందు కూర్చుని చూద్దాం, సర్దార్ కదులుతాడో లేదో." భాయ్‌కు ఫోన్ చేస్తే హుషారైపోయాడు. దొంగకు ఎర కావాలి కదా అని, తన దగ్గరున్న మేలైన నల్లగుర్రాన్ని సర్దార్‌కు పంపించాడు.

ఆదివారం దండు మొత్తం బస్సెక్కాం. భాయ్ దుకాణంలో నలుగురు పట్టే చోట అందరం ఇరుక్కున్నాం. చుట్టూ గోడల మీద గడియారాలు తలా ఒక టైం చూపిస్తున్నాయి. నేను కంప్యూటర్‌కు దూరంగా, చేతులు అందరికీ కనబడేలా స్టూల్ మీద కూర్చున్నాను. తెర మీద భాయ్ యోధుడు అంగడిలో ఒక మూల కాపలా కాస్తున్నాడు. చాయ్‌లు అయ్యాయి. ఎవరూ రాలేదు. భాయ్ ఇంటి నుంచి బగారా అన్నం వచ్చింది, అదీ అయిపోయింది. దండులో ఒకరిద్దరు నా వైపు చూసి చూపు తిప్పుకుంటున్నారు. ఈ రోజు వాడు రాకపోతే నా గతి ఏమిటా అనుకున్నాను. జీవితంలో ఒక దొంగ కోసం అంతగా ఎదురుచూడటం అదే మొదలు, అదే చివర.

అప్పుడు వచ్చాడు సర్దార్. నల్లగుర్రం ఎక్కి, తీరిగ్గా, అత్తారింటికి వచ్చినట్టు అంగడిలోకి వచ్చాడు. భాయ్ సలాం చేశాడు. జవాబు లేదు. సర్దార్ గుర్రం దిగి దాన్ని అమ్మకానికి పెట్టాడు.

క్రేన్ అన్న ఒకసారి తెర వైపు చూశాడు, ఒకసారి నా చేతుల వైపు చూశాడు, జేబులో తాళంచెవి తడుముకున్నాడు. తర్వాత ఎగిరి గంతేశాడు. "సూడుండ్రి, సూడుండ్రి. చెల్లె ఈడనే ఉన్నది. వాడెవడో నన్ను దోసుకుంటుండు. చెల్లె కాదు, చెల్లె కాదు" అని పక్కవాణ్ని వాటేసుకున్నాడు. కళ్ల ముందు ఆస్తి పోతుంటే అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు. దండు అంతా చప్పట్లు. టిఫిన్ మూత అడ్డం పెట్టుకున్నతను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నేను నవ్వుతూనే ఏడ్చేశాను.

"నా గుర్రం పోయింది బై, మీకు నవ్వొస్తుందా?" అన్నాడు భాయ్. ఆ మాటకు ఇంకా నవ్వారు, చివరికి అతనూ నవ్వాడు.

సోమవారం జైలు సిస్టమ్‌ను మొత్తం తుడిచి ఫార్మాట్ చేశాను. దుర్భిణి పోయింది, యాంటీవైరస్ మళ్లీ ఎక్కింది. ఈసారి ఎవరూ దాన్ని ఆపమనలేదు. పాస్‌వర్డ్ కొత్తది పెట్టాల్సిన సమయం వచ్చింది. అన్న లేచి నాకు కుర్చీ జరిపాడు.

"నువ్వే కొట్టు చెల్లే. ఎనకటి లెక్కనే."

వద్దన్నాను. ఇక మీదట ఎవరి మాట వాళ్లే కొట్టుకోవాలి, నాకు కూడా తెలియకూడదు అన్నాను. నాకింకా కోపం పోలేదనుకుని అతని మొహం చిన్నబోయింది. కోపం కాదన్నా, ఇదే పద్ధతి అని చెప్పి బయటికి వెళ్లి నిలబడ్డాను. నన్ను చూసి మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే లేచి బయటికి వచ్చేశారు. సర్దార్‌ను లోపల ఒంటరిగా వదిలి, అందరం వెల్డింగ్ షాపు ముందు వరసగా నిలబడ్డాం.

అన్న కొట్టడం మొదలుపెట్టాడు. ప్రతి అక్షరాన్నీ, దొరికేదాకా పేరు పెట్టి పిలుస్తూ వెతుకుతున్నాడు. పైనుంచి కిందికి కేకలు వేసి పనిచేయించే గొంతు అది. శనివారం నేను రోడ్డు అవతల లారీల మోతలో ఉన్నాను కాబట్టి ఆ సంగతి నాకు తెలియలేదు. మొదటి అక్షరం నుంచి చివరి అంకెదాకా మా అందరికీ, వెల్డింగ్ షాపువాళ్లకు కూడా, స్పష్టంగా వినబడింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అన్న చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చి, "అయిపోయింది, ఇగ ఎవ్వనికీ తెల్వదు" అన్నాడు. అవునన్నా అన్నాం.

ఆ సెంటర్ మూసేసి చాలా కాలమైంది. ఆ పాస్‌వర్డ్ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు అక్కడ నిలబడ్డవాళ్లలో ఎవరూ దాన్ని బయటపెట్టలేదు, నేనూ ఇక్కడ రాయను.