అరువు అయ్యగారు, దర్జీ మిషను

చర్చి అయ్యగారికి ఉన్నది ఒకటే జబ్బు: అరువు. పొరుగువాడి వస్తువేదో ఒకటి చేతిలో పడితేగానీ ఆయనకి తెల్లవారేది కాదు. సుత్తి, నిచ్చెన, గొడుగు, ఇస్త్రీపెట్టె, ఏదైనా సరే. వీధివాళ్లంతా ఆయన్ని ‘అరువు అయ్యగారు’ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే! ఆయన నవ్వుతూ పలికేవారు కూడా. ఇప్పుడా వీధిలో ఎవరి నిచ్చెన వాళ్లకుంది, ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటున్నారు. ఆ రోజులే వేరని చర్చి ఎదురింటి దర్జీ ఇప్పటికీ అంటుంటాడు.

పోనీ, తీసుకుని ఊరుకునేవారా! “ఇదెలా పట్టుకోవాలండీ? ఓసారి వచ్చి చూపించకూడదూ?” అని వస్తువుతోపాటు మనిషినీ లాక్కుపోయేవారు. మంగలిని గోడగడియారం అడిగినప్పుడు మాత్రం సంఘమంతా సంతోషించింది. చర్చి గడియారం ఆగిపోయాక ఆయన ప్రసంగానికి అంతు లేకుండా పోయింది మరి! మంగలి గడియారం మోసుకొచ్చి, మేకు కొట్టి, తగిలించి, సరిగ్గా నడుస్తోందో లేదో చూడ్డానికని ప్రసంగం అయ్యేదాకా ముందు వరుసలోనే కూర్చున్నాడు.

సంఘ కార్యదర్శికి ఇదంతా తలవంపులుగా ఉండేది.

“బయటివాళ్లకి సువార్త చెప్పండి మహాప్రభో అంటే, వెళ్లి సుత్తి అడుగుతారేంటండీ? కరపత్రాలు అచ్చేయించి బీరువా నిండా పెట్టానే!”

“కరపత్రం ఇస్తే మడిచి జేబులో పెట్టుకుంటారండీ. సుత్తి తెచ్చుకుంటే మనిషి వెనకాలే వస్తాడు.”

“సుత్తి కోసం వస్తాడు!”

“రానివ్వండి. కాసేపు కూర్చోబెట్టుకుందాం.”

దర్జీ దగ్గర మాత్రం ఈ పాచిక పారదనుకున్నారు అందరూ. దర్జీది ఆ మతం కాదు. ఆ మాటకొస్తే, భార్య పోయాక అతనికి ఏ దేవుడితోనూ మాటల్లేవు. అతను మిషను తొక్కుతుంటే ఆవిడ గుండీలు కుట్టేది, రోజంతా ఇద్దరూ కబుర్లే. ఇప్పుడు మిషను మీద దుప్పటి కప్పి, వచ్చిన బట్టలు వచ్చినట్టే తిప్పి పంపేస్తున్నాడు. ఓదార్చబోయినవాళ్లకి గుమ్మమే దక్కింది. కార్యదర్శి తలుపు కిందనుంచి లోపలికి తోసిన కరపత్రం ఆ దారినే బయటికొచ్చింది. మిషను కూడా అమ్మేస్తానంటున్నాడని తెలిసి, ఈ మనిషి ఇక దక్కడని వీధంతా బెంగపెట్టుకుంది.

ఒకరోజు అయ్యగారు తలుపు తోసుకుని వెళ్లారు. ఓదార్పు లేదు, ప్రార్థన లేదు.

“మాస్టారూ, మీ మిషను ఓసారి అరువిస్తారా? చర్చి తెరలు చిరిగాయి.”

దర్జీ తెల్లబోయాడు. “మీకు కుట్టడం వచ్చా?”

“రాదు. అంత కష్టమా ఏంటి?”

“పట్టుకుపోండి. ఎలాగూ అమ్మేసేదేగా,” అన్నాడు దర్జీ, ఈయన్ని వదిలించుకుంటే చాలని.

మధ్యాహ్నం చర్చి పక్కగదిలో మొదలైంది చప్పుడు. సూది టక్కున విరిగింది. చక్రం కీచుమంటూ వెనక్కి తిరిగింది. దర్జీ చెవులు మూసుకున్నాడు. ఇంకో సూది! ఎంతైనా పనివాడి ప్రాణం, ఊరుకుంటుందా? ఆవిడ పోయాక గడప దాటని మనిషి, చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటి పరుగెత్తాడు.

“లేవండి! అది మిషను అనుకున్నారా, పిండిమర అనుకున్నారా?”

అయ్యగారు బుద్ధిగా లేచారు. దర్జీ కూర్చుని, దారం ఎక్కించి, సణుగుతూనే తెరంతా కుట్టేశాడు. మర్నాడు ఇంకో తెర. ఆ మర్నాడు బల్లగుడ్డలు. అయ్యగారికి ఎక్కడ చూసినా చిరుగులే! పాటలు నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్లు కూడా తమ బట్టలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. కుడుతూ కుడుతూ ఒకరోజు దర్జీ తన భార్య సంగతి ఎత్తాడు. ఎత్తి, భోరున ఏడ్చాడు. అయ్యగారు ఒక్క ముక్క ప్రసంగించకుండా పక్కనే కూర్చున్నారు.

చివరికి, “ఇక మిషను తీసుకుపోతానండీ, రేపు దుకాణం తీస్తున్నా,” అన్నాడు దర్జీ.

మంచినీళ్లు తెచ్చిన అయ్యగారి భార్య సంతోషం పట్టలేక నోరు జారింది. “తీసుకెళ్లండి మాస్టారూ! ఈయన చొక్కాలన్నీ ఈయన కుట్టుకునేవే. ఆవేళ సూదులు విరగ్గొట్టడానికి ఎంత అవస్థపడ్డారో పాపం!”

దర్జీ అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కిటికీ వైపు చూశారు.

“అయ్యగారూ,” అన్నాడు దర్జీ గొంతు సవరించుకుని, “మీకు కుట్టడం బొత్తిగా రాదు. రోజూ సాయంత్రం రండి, నేర్పుతా.” అంటూనే ఆపుకోలేక పకపకా నవ్వాడు.

కొన్నాళ్లకి కార్యదర్శి దుకాణం ముందు అయ్యగారిని పట్టుకున్నాడు. “ఇంతకీ ఆయన మన సంఘంలో చేరినట్టేనా?”

“అది ఆయన ఇష్టం. నేను మాత్రం ఆయన దుకాణంలో చేరాను,” అన్నారు అయ్యగారు, మెడలో కొలతల టేపు సర్దుకుంటూ. “నిటారుగా నిలబడండి, నడుం కొలత తీసుకోవాలి.”