రాజేశం కోడె మొక్కు

2022 వానాకాలం. కరీంనగర్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో నేను నర్సుని. సైకియాట్రిక్ నర్స్ అంటే మనిషిని పట్టుకుని ఇంజెక్షన్ పొడిచేదని జనం అనుకుంటారు. మా పనిలో సూది తక్కువ, మాట ఎక్కువ. మా ఊరు హుస్నాబాద్‌లో నన్ను ఇప్పటికీ "పిచ్చి దవాఖాన సిస్టర్" అంటారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు "అవును, నీకేమన్న పనివడ్డదా?" అని అడుగుతాను. వాళ్లే నోరు మూసుకుంటారు.

ఒకరోజు పొద్దున్నే సిరిసిల్ల వైపు నుంచి ముగ్గురు వచ్చారు. నేతపని చేసుకునే కుటుంబం. రాజేశం సైన్యంలో హవల్దారుగా చేసి, రిటైరై ఇంటికొచ్చి రెండేళ్లయింది. వెంట అతని తల్లి నర్సవ్వ, భార్య లత. నేను చూపించిన కుర్చీని రాజేశం తీసుకెళ్లి గోడకు ఆనించి, తలుపు కనిపించేలా వేసుకుని కూర్చున్నాడు. సగం కేసు నాకక్కడే అర్థమైంది.

"నాకేం బీమారి లేదు సిస్టర్. మా అవ్వకే ఫికరెక్కువ" అన్నాడు.

"మంచిగనే ఉంటే మరి నిద్ర వడ్తుందా అన్నా?"

లత అందుకుంది. "యాడ వడ్తది సిస్టర్? రాత్రంత దర్వాజకాన్నే కూసుంటడు. మొన్న కుక్కర్ కూత వెట్టంగనే మంచం కిందికి దుంకిండు. గప్పటిసంది కుక్కర్ అటక మీద వెట్టి గంజులనే అండుతున్న."

సైన్యంలో అతని పని రోడ్ ఓపెనింగ్. అంటే మన బండ్లు వెళ్లకముందే దారంతా నడిచి, ఎక్కడా బాంబు లేదని చూసి రావడం. ఉత్తరాన ఒక కొండ ఊరి బజారులో, జనం మధ్య, ఎవరో వదిలేసిన సంచి పేలింది. రాజేశం పక్కన నడిచే జోడీదారు పోయాడు. ఇతనికి చిన్న దెబ్బలే తగిలాయి. అప్పటి నుంచి గుంపు కనిపిస్తే చాలు, చెమటలు. కింద పెట్టిన ప్రతి సంచీ అతనికి అనుమానమే.

దీన్ని మేం పి.టి.ఎస్.డి. అంటాం. గండం దాటిపోయిందని మనసుకు తెలిసినా ఒళ్లు నమ్మకపోవడం. డాక్టరు గారు పరీక్షించి మందులు రాసి, మాటల వైద్యం నాకప్పగించారు. తల్లినీ భార్యనూ బయట కూర్చోబెట్టి, చచ్చిపోవాలని అనిపిస్తుందా అని రాజేశాన్ని నేరుగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. దాచుకున్నవాడికి చెప్పుకునే దారి దొరుకుతుంది.

రాజేశం తన చేతులు చూసుకున్నాడు. "అనిపిస్తది సిస్టర్. ఇంటోళ్లకు నేను బరువైన. నా పరేషాన్ జూసి మా అన్న సాంచాలు గూడ బంద్ వెడ్తుండు."

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. తమ్ముడు ఇంట్లో ఉంటే ఆ చప్పుడు పడదని అన్న మగ్గాలు ఆపేవాడు. వదిన పిల్లల్ని పక్కింటికి తోలేది. లత కుక్కర్ అటకెక్కించింది. అందరిదీ ప్రేమే. కానీ ఇల్లు ఎంత నిశ్శబ్దమైతే రాజేశం చెవి అంత పదునెక్కింది. అతనికి ఆ ఆలోచన వస్తే ఎవరికి చెప్పాలో, లత ఎలా తోడుండాలో ఆ రోజే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత నర్సవ్వను లోపలికి పిలిచాను.

ఆమె తన లెక్క తనే తేల్చుకుని వచ్చింది. "కొడుకు పానంతోని ఇంటికొస్తే ఆని చేతులతోనే కోడెను కట్టిపిస్తనని రాజన్నకు మొక్కిన బిడ్డా. రెండేండ్లాయె. మొక్కు తీరలే. గందుకే ఆనికి నిద్ర వడ్తలేదు."

వేములవాడ రాజన్నకు, అంటే అక్కడి శివుడికి, కోడెను మొక్కడం మా వైపు అందరికీ తెలుసు. కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయాలి. చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. ఇక చిక్కుముడి చూడండి. మొక్కు తీరితే గాని జబ్బు పోదని తల్లి. జబ్బు పోతే గాని ఆ జనంలోకి రాలేనని కొడుకు.

"నీకేం గావాలె అన్నా?" అని రాజేశాన్ని అడిగాను.

"మా అవ్వ మొక్కు దీర్వాలె. ఇంకేం వద్దు" అన్నాడు. రెండేళ్లలో ఆ మనిషి తనకు ఏదైనా కావాలని చెప్పడం అదే మొదటిసారని లత తర్వాత చెప్పింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే మనం కోడెను కడ్తున్నం" అన్నాను.

నర్సవ్వ నా మెడలో సిలువను చూసి, నన్ను కిందికీ మీదికీ చూసింది. "నువ్వు చర్చికి వొయ్యే పిల్లవు. నీకు కోడె మొక్కు ముచ్చట ఏం ఎరుక?"

"మా అమ్మ గూడ మొక్కుతది అవ్వా. మా తాన కోడె ఉండదు, గంతే."

భయపడే వాటి దగ్గరకు కొంచెం కొంచెంగా, ఒళ్లు సర్దుకునేదాకా ఆగి ఆగి వెళ్లడాన్ని ఎక్స్‌పోజర్ అంటాం. మొదటి మెట్టు కుక్కర్. అటక మీంచి దిగింది. కూత వచ్చినప్పుడు పరుగెత్తకుండా, పాదాలు నేలకు అదిమి, కంటికి కనిపించేవాటి పేర్లు పైకి చెప్పమన్నాను. "గంజు, గరిటె, లత, ఉప్పు డబ్బా" అని కవాతులో అరిచినట్టు చెప్పేవాడట. ఉప్పు డబ్బా పక్కన చేర్చినందుకు లత అలిగింది. తర్వాత అన్న సాంచాలు మొదలయ్యాయి. ఆ తర్వాత కూరగాయల మార్కెట్, బస్టాండు. సెలవు రోజుల్లో నేనూ వెంట నడిచాను.

రద్దీ తక్కువుండే రోజు చూసి వేములవాడ తీసుకెళ్లాం. కోడెను పట్టుకోవడానికి కాదు, ఊరికే నిలబడి రావడానికి. గుడి ముందు బాగానే నిలబడ్డాడు. ఇంతలో పక్కన ఎవరో టెంకాయ కొట్టారు. ఠప్పున ఆ చప్పుడు. రాజేశం తలపట్టుకుని కూలబడ్డాడు. లేచి ఎటు పోయాడో తెలియలేదు. వెతగ్గా వెతగ్గా బస్టాండులో ఒక గోడకు వీపు ఆనించి కనిపించాడు. ఆ తర్వాత ఆసుపత్రికి రాలేదు.

నాకు నిద్ర పట్టలేదు. చచ్చిపోవాలనిపిస్తుందని అతను మొదటి రోజు చెప్పిన మాట చెవుల్లో తిరుగుతూనే ఉంది. ఫోన్ చేస్తే లత, "తింటలేడు సిస్టర్" అంది. నేనే వాళ్లింటికి బస్సెక్కాను.

"నేను ఓడిపోయిన సిస్టర్. ఇంక ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు, గోడ వైపు తిరిగి.

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కోపమే ముందు బయటపడింది. "ఒకటడుగుత చెప్పన్నా. రోడ్ ఓపెనింగ్ల బాంబు దొర్కిందనుకో. గా దినం మీరు ఓడిపోయినట్టా?"

ఇటు తిరిగాడు. "గట్లెట్లయితది? దొర్కవట్టుడే మా డ్యూటీ."

"మరి మొన్న నువ్వు చేసిందేంది? దారిల ఏడ పేలుతదో దొర్కవట్టినవ్. టెంకాయ కాడ. గది నాకు తెల్వలే, డాక్టరుకు తెల్వలే. నువ్వే దొర్కవడ్తివి."

మెల్లగా లేచి, లతను అన్నం పెట్టమన్నాడు. నర్సవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. నేను మంచినీళ్ల వంకతో బయటికి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత ఆ ఇంట్లో టెంకాయల పండగ. మొదట ఇంటి వెనక దూరంగా అన్న కొట్టేవాడు. తర్వాత వాకిట్లో. చివరికి రాజేశమే స్వయంగా కొట్టాడు. "కొబ్బరి తొక్కు తినలేక సస్తున్నం సిస్టర్. జర జల్ది నయం జెయ్యిండ్రి" అని లత ఫోన్ చేసింది. ఫోన్లో వెనకనుంచి రాజేశం నవ్వు వినిపించింది. అప్పటిదాకా అతని నవ్వు నేను వినలేదు.

వానలు పోయి చలి దిగాక, "సోమవారమే పోదాం. ఖాళీ దినం పోతే మొక్కు తీరినట్టా?" అన్నాడు. వద్దందామా అనిపించింది గానీ వద్దనలేదు. సోమవారం శివుడి రోజు, వేములవాడలో జనం తోసుకుంటున్నారు. కోడె పగ్గం చేతికి రాగానే అతని మెడ నరాలు బిగిశాయి. కోడె కూడా బెదిరి తల విసిరింది. రాజేశం దాని గంగడోలు నిమురుతూ, "ఏం గాదు. జనం గంతే, ఏం గాదు" అన్నాడు. ఎవరికి చెప్పుకున్నాడో నాకు తెలుసు.

సగం దూరం వెళ్లాక ఆగిపోయాడు. దారి మధ్యలో గుడ్డ సంచి ఒకటి. పక్కన ఎవరూ లేరు. అతని చూపు దాని మీదే నిలిచింది. నేను ముందుకు ఒక అడుగు వేసి, ఆగాను. పాదాలు నేలకు అదుముతున్నాడు. పెదాలు కదులుతున్నాయి, కనిపించేవాటి పేర్లు చెప్పుకుంటున్నాడు. అంతలో ఒక ముసలమ్మ చెంగు సర్దుకుంటూ పరుగున వచ్చింది.

"గిది నాదే కొడుకా. జర నెత్తి మీద వెట్టరాదు."

రాజేశం పగ్గం ఎడమ చేతికి మార్చుకున్నాడు. వంగాడు. సంచి ఎత్తి ఆమె తల మీద పెట్టి, పడిపోకుండా సరిచేశాడు. "పైలం అవ్వా" అన్నాడు. మళ్లీ కోడెతో నడిచాడు. తిరగాల్సిన చుట్టు తిరిగి, తన చేతులతో కోడెను కట్టేసి వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. నర్సవ్వ కొడుకు రెండు చేతులూ తన చెంపలకు ఆనించుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "నీ దేవునికి గూడ నా పేరు మీద ఏదన్న ఒకటి మొక్కు బిడ్డా" అంది. ఆ ఆదివారం చర్చిలో నేను గొంతెత్తి పాడడం విని పక్కావిడ, "ఏమైందే నీకు గియ్యాల?" అని అడిగింది.

జబ్బు మాయమైందని చెప్పను. రాజేశం చాలాకాలం మందులు వాడాడు. ఇప్పటికీ కొన్ని రాత్రులు మెలకువ వస్తుంది, అప్పుడు లతను లేపుతాడు. కానీ ఏం పోవాలి అని రోగిని అడిగే నేను, ఏం కావాలి అని ముందు అడగడం అతని దగ్గరే నేర్చుకున్నాను. పోవాల్సినదానికి వందడుగులు వేయని మనిషి, కావాల్సినదానికి జనంలోంచి కోడెను నడిపించాడు.

పోయిన నెల ఆసిఫాబాద్ వైపు నుంచి ఇంకో మాజీ సైనికుడు వచ్చాడు. కుర్చీ గోడకు ఆనించి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంకో సైనికుణ్ని పిలవనా అంటే మాత్రం తలూపాడు, రాజేశానికి ఫోన్ చేశాను. మొదటి బస్సుకే వచ్చాడు. తనూ ఒక కుర్చీ లాక్కుని, అదే గోడకు ఆనించి, అతని పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ కాసేపు తలుపును చూశారు.

తర్వాత రాజేశం మెల్లగా అడిగాడు. "తమ్మీ, మీ ఇంట్ల కుక్కర్ అటక మీదున్నదా, పొయ్యి మీదున్నదా?"

ఆ మనిషి చప్పున ఇటు తిరిగాడు. "నీకెట్ల ఎరుకనే అన్నా?"