నేను ఖాళీగా వదిలిన రెండు గళ్ళు

రెండు ఖాళీ గళ్ళ వల్ల ఒక ఊరు ఊరంతా నా మీదికి వచ్చిన కథ ఇది. ఇప్పటికే చుట్టాలందరికీ చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. పెళ్ళికి పోతే అడుగుతారు, దినాలకు పోయినా అడుగుతారు. "స్వరూపా, గా కరెంటు ముచ్చట జర చెప్పరాదు" అని కుర్చీ నా వైపు జరుపుకుంటారు. ఒక్కసారి రాసి పారేస్తే, అడిగినవాళ్ళ చేతిలో కాగితం పెట్టి నేను నా విస్తరి సంగతి చూసుకోవచ్చని ఆశ. చదివి మీరు నవ్వొచ్చు. ఏమీ అనుకోను. అనుకునే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

అప్పట్లో నేను బీటెక్ పాసై, కరీంనగర్‌లో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. కంపెనీ అంటే కింద టిఫిన్ సెంటరు, మెట్లెక్కితే మూడు బల్లలు. ఎవరైనా సోలార్ ప్లాంటు కట్టి కరెంటును లైనుకు కలుపుతామంటే, ముందుగా ఆ ప్లాంటును, లైన్లను, సబ్‌స్టేషన్లను కంప్యూటర్‌లో గీసి, కలిపితే ఏమవుతుందో చూసి చెప్పడం మా పని. నిజం కరెంటుతో ఆడితే ప్రాణం పోతుంది కాబట్టి ముందు ఉత్తుత్తి కరెంటుతో ఆడుకోవడం అన్నమాట. ఉత్తుత్తి కరెంటుతో పరువు పోతుందని మాత్రం కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

మా బాసు నర్సింగరావు సారు. ఆయన పుట్టినప్పుడే అలసిపోయి పుట్టి ఉంటారు. ఏ మాట చెప్పినా "ఇగ ఏం జేస్తం" అనే ముగించేవారు. నేనేమో కొత్త బ్యాటరీలు వేసిన ఆటబొమ్మలా ఎటు తిప్పితే అటు ఉరికేదాన్ని. ఇప్పుడు నన్ను చూసినవాళ్ళు ఆ మాట నమ్మరు. నేనూ నమ్మను.

అలాంటి రోజుల్లో మెట్‌పల్లి అవతల ఒక ఊళ్ళో కట్టబోయే పది మెగావాట్ల సోలార్ ప్లాంటు పని మా బల్ల మీదికి వచ్చింది. ఆ ఊరు మా మేనమామ రాజేశం ఊరు. మామ దుబాయిలో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చి, పసుపు, మక్కజొన్న వేసుకుంటున్నాడు. ఆయన గొంతుకు ఫోను అవసరం లేదు. మెట్‌పల్లిలో మాట్లాడితే కోరుట్లలో తలుపులు ఊగుతాయి. ఊరికి ఒక్కటే రోగం. యాసంగిలో, అంటే రబీ పంటకు, అందరూ మోటార్లు వేసేసరికి వోల్టేజీ కూలబడుతుంది. మోటార్లు మూలుగుతాయి, తిరగలేక వేడెక్కుతాయి, చివరికి కాలిపోతాయి.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. భయపడకండి, పాఠం కాదు. మోటారుకు రెండు రకాల కరెంటు కావాలి అనుకోండి. ఒకటి పని చేస్తుంది. రెండోది పని చేయదు, కాని అది లేకపోతే మొదటిదీ చేయదు. మిర్చి బండి మీద కడాయిలో నూనె లాంటిదది. మనం తినేది మిర్చిని, నూనె కడాయిలోనే ఉంటుంది. కాని నూనె తక్కువైతే మిర్చి వేగదు. ఈ నూనెనే మావాళ్ళు రియాక్టివ్ పవర్ అంటారు. అది చాలకపోతే వోల్టేజీ పడిపోతుంది. జనరేటరైనా, సోలార్ ప్లాంటైనా ఈ నూనెను ఇంతవరకే ఇవ్వగలదని ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దును చెప్పేదే పవర్ ఫ్యాక్టర్ లెక్క.

కంప్యూటర్‌లో ప్లాంటును గీసేటప్పుడు ఆ హద్దు కోసం రెండు గళ్ళు ఉంటాయి. కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని. నేను రెండూ ఖాళీగా వదిలేశాను. ఏదో ఒకటి అదే వేసుకుంటుందిలే అనుకున్నాను. వేసుకుంది. ఎవరూ ఏమీ రాయకపోతే హద్దే లేదని దాని అర్థమట. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ సాఫ్ట్‌వేర్ అడగకుండానే పెడుతుంది, అదే దాని జబ్బు. నా ప్లాంటు పక్కన ఏకంగా నూనెబావి తవ్వి పెట్టింది.

ఫలితం చూస్తే తెర నిండా పచ్చరంగు. యాసంగిలో అన్ని మోటార్లూ ఒక్కసారి వేసినా ఏ ఊళ్ళోనూ వోల్టేజీ కదలలేదు. తెలివున్నవాళ్ళయితే అక్కడే అనుమానపడతారు. నేను కింద నుంచి మైసూర్‌బజ్జీ తెప్పించాను.

నర్సింగరావు సారు ఒక ముక్క నోట్లో వేసుకుని అడిగారు. "లిమిట్స్ పెట్టినవా?"

"పెట్టిన సార్!" అన్నాను. నేను చెప్పింది వోల్టేజీ లిమిట్ల సంగతి. ఆయన అడిగింది ప్లాంటు లిమిట్ల సంగతి. అట్లా ఇద్దరం ఒకే మాట మీద చెరో ఊరికి బస్సెక్కాం.

ఆ సాయంత్రమే మామ ఫోను చేశాడు.

"బిడ్డా! మా ఊరి ప్లాంటు లెక్క నీ చేతికే వచ్చిందట గద! యాసంగికి మా మోటర్ల గతేంది?"

"ఇగ ఫికర్ లేదు మామా. ఊరంత ఒక్కపారే మోటర్లు ఏసినా వోల్టేజీ గింత గూడ పడదు."

"గింత గూడనా?"

"గింత గూడ."

"ఉత్తగ చెప్తున్నవా, నిజమేనా?"

"కంప్యూటర్ల సూసిన మామా!"

అంతే. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, స్తంభం లేదు తీగ లేదు, ఊరికి మాత్రం నిండు వోల్టేజీ, నాలుగు వందల పదిహేను. మామ ఆ మాటను ఊళ్ళో ఇంటింటికీ మోశాడు. ఆదివారం నన్ను ఊరికి పిలిపించి, పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీ వేయించి, మెడలో బంతిపూల దండ వేయించాడు. వద్దన్నానా? అనలేదు. మెడ కాస్త వంచాను కూడా.

అక్కడ లచ్చవ్వ అనే ఆమె ఉంది. భర్త లేడు, కొడుకు మస్కట్‌లో ఉన్నాడు, ఆమె ఒక్కతే రెండెకరాలు చేసుకుంటుంది. ప్లాంటు నుంచి సబ్‌స్టేషనుకు పోయే లైను ఆమె చేను మీదుగా పోవాలి. స్తంభం పాతనియ్యనని ఆమె, ఆమెను చూసి ఇంకొందరు మొండికేశారు. ఆమె లేచి నా ముందుకు వచ్చింది.

"నా చేన్ల స్తంభం పాతితే నాకేమొస్తది బిడ్డా?"

"వోల్టేజీ వస్తది అవ్వా."

"పోయిన యాసంగిల నా మోటరు కాలింది. బాగు చేయిచ్చి తెచ్చేటాల్లకు మక్క ఎండింది. నిలబడి ఎండింది, నేను సూసుకుంట కూసున్న. మళ్ళ కాలదంటవా?"

"కాలదు అవ్వా."

"సరే. నీ మాట మీద పాతమంట" అంది.

ఆ క్షణంలో నాకు ఎంత గర్వం వేసిందో! మంత్రిగారు కూడా అట్లా నడవరు, నేను బస్టాండుకు నడిచినట్టు. సోలార్ కంపెనీవాళ్ళు సందు దొరికిందే చాలని స్తంభాలు తెచ్చి లచ్చవ్వ గట్టున పడేశారు.

తర్వాత కొన్నాళ్ళకు నా లెక్కను పరిశీలించే మీటింగు వచ్చింది. లైన్ల సంస్థ తరఫున సుధ మేడం కూర్చున్నారు. జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు ముక్కు చివరన ఉన్నాయి. ఈ పక్క సోలార్ కంపెనీ మేనేజరు, నర్సింగరావు సారు, నేను. నా లెక్క గోడ మీద పెద్దగా పడుతోంది.

"మస్తు మంచిగున్నయమ్మా వోల్టేజీలు" అన్నారు మేడం. నేను నవ్వాను. "అన్ని ఊర్లల్ల ఒక్క తీరుగ ఉన్నయి. యాడన్న జర తక్కువ, జర ఎక్కువ ఉండాలె గద?"

"ప్లాంటు సపోర్ట్ చేస్తున్నది మేడం."

"అట్లనా. ప్లాంటు ఎంతది?"

"పది మెగావాట్లు మేడం."

"రియాక్టివ్ ఎంతిస్తున్నది? పక్కన గడిల ఉంటది, సదువు."

చూశాను. "నల..."

"గట్టిగ సదువమ్మా, వెనకోళ్ళకు వినబడాలె."

"నలభై రెండు మేడం."

మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పావుశేరు గిన్నెల పెండ్లి వంట ఎట్ల వండినవమ్మా? ప్లాంటుకు లిమిట్స్ పెట్టలేదా?"

నర్సింగరావు సారు గొంతు సవరించుకున్నారు. "నేనడిగిన మేడం. పెట్టిన అన్నది."

"నేను వోల్టేజీ లిమిట్స్ అనుకున్న సార్..."

"ఇగ ఏం జేస్తం" అన్నారు సారు, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ.

మేడం కోపపడలేదు. కోపపడి ఉంటే బాగుండేది. "పవర్ ఫ్యాక్టర్ సున్నా పాయింట్ తొంభై ఐదు. అంటే ఇచ్చేది మూడు, ఇంకొంచెం. ఇక్కడ్నే మార్చు, సూద్దాం" అన్నారు.

అందరి ముందూ గళ్ళు నింపాను. కంగారులో రెండింటికీ ముందు మైనస్ గుర్తు పడింది. మైనస్ అంటే ఇవ్వడం కాదు, లాక్కోవడం. నా ప్లాంటు ఉన్న నూనెను కూడా తాగడం మొదలుపెట్టింది. గోడ మొత్తం ఎర్రబడింది.

"ఇందాక సత్రం పెట్టినవ్" అన్నారు మేడం, "ఇప్పుడు దోపిడీకి దిగినవ్."

మేనేజరు పకపకా నవ్వాడు. నా కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. అవి ఎవరికీ కనబడకుండా తెర వైపే తిరిగి, మూడోసారి సరిగ్గా నింపాను. ఎరుపు చాలావరకు పోయింది. తీగ చివర ఒక్క ఊరు మాత్రం ఎర్రగా మిగిలింది.

"గది ఏ ఊరు?"

"మా మామ ఊరు మేడం."

ఆ ఊరికి మందు ఉంది. సబ్‌స్టేషన్‌లో కెపాసిటర్లు పెడితే చాలు. ఈ నూనెను అక్కడికక్కడే ఇచ్చే డబ్బాల వరుస అది. కాని మేనేజరు చేతులు దులుపుకున్నాడు. "మా ప్లాంటు కలిపితే వోల్టేజీ తగ్గుతలేదు గద మేడం. ఊరికి ముందునుంచి ఉన్న బాధ మాకెందుకు?" మేడం పెన్ను బల్ల మీద పెట్టి, రూల్ ప్రకారం అతన్ని బలవంతపెట్టలేనని చెప్పారు.

బయటికి వచ్చాక సారు నా వైపు చూశారు. "ఊరోళ్ళకు మాటిచ్చినవ్ గద. పోయి చెప్పు. ఫోన్ల కాదు, పోయి."

మెట్‌పల్లి బస్సులో కూర్చుంటే, ఆ బస్సు ఎక్కడైనా ఆగిపోతే బాగుండనిపించింది. ఎప్పుడూ ఆగిపోయే బస్సు ఆ రోజు చక్కగా నడిచింది.

మామ వాకిట్లో పసుపు ఎండబోసి ఉంది. జనం మళ్ళీ చేరారు, ఈసారి దండ లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. నా లెక్క తప్పని, ప్లాంటు వచ్చినా వోల్టేజీ పెద్దగా పెరగదని, తప్పు నాదేనని. మామ నోరు మూసుకుని ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. చివరికి నీరసంగా అన్నాడు. "ఇంట్ల స్టెబిలైజర్ గూడ మీ అత్తమ్మ తమ్మునికి ఇచ్చేసిన గద బిడ్డా."

లచ్చవ్వ లేచి చేను వైపు నడిచింది. మేం వెనకాల ఉరికాం. ఆమె పోయి గట్టున పడేసిన స్తంభం మీద కూర్చుంది.

"గా డబ్బాలేందో పెట్టమను. అప్పుడు లేస్త."

ఆమెను చూసి ఇంకొందరు కూర్చున్నారు. ఎవరో చాయ్ తెచ్చారు. ఆ రాత్రి నేను మామ ఇంట్లోనే ఉండిపోయాను. మర్నాటికి స్తంభాల మీద చోటు లేదు. మేనేజరు జీపులో వచ్చాడు.

"వోల్టేజీ పెంచుతమని మేం చెప్పినమా?" అని గద్దించాడు.

"మీ లెక్క చేసిన పిల్ల చెప్పింది" అంది లచ్చవ్వ, నన్ను చూపిస్తూ. "అడుగు."

అతను నా వైపు తిరిగాడు. "మీరు చెప్పిన్రా?"

అబద్ధం ఆడితే ఉద్యోగం నిలుస్తుంది, నిజం చెబితే ఊరు నిలుస్తుంది. లచ్చవ్వ నా వైపు చూడను కూడా చూడలేదు, చాయ్ ఊదుకుంటోంది. "చెప్పిన సార్" అన్నాను. "తప్పు చెప్పిన. కాని గా మాట మీదనే వీళ్ళు ఒప్పుకున్నరు."

అతను జీపెక్కాడు. సారుకు ఫోన్‌లో సంగతి చెప్పాను. "నిజమే చెప్పినవ్" అన్నారు. "ఇగ ఏం జేస్తం." నా ఉద్యోగం పోలేదు. నన్ను తీసెయ్యడానికి ఆయనకు ఓపిక లేక అని నా అనుమానం.

పని ఆలస్యమైతే తనకే నష్టమని కంపెనీ చివరికి దిగివచ్చింది. కెపాసిటర్లు పెట్టింది, లచ్చవ్వ లేచింది, స్తంభం లేచింది. యాసంగి వచ్చింది. వోల్టేజీ నా పచ్చతెరలోలా లేదుగాని, మోటార్లు మూలగకుండా తిరిగాయి. లచ్చవ్వ మక్క చేతికొచ్చింది. ఆ వార్త విని నేను ఆఫీసు బల్ల మీద తలపెట్టి పడుకున్నాను. చాలా రోజుల తర్వాత వచ్చిన నిద్ర అది.

కథ ఇక్కడ అయిపోయి ఉంటే నాకు కొంత మర్యాద మిగిలేది. ఒక మధ్యాహ్నం మామ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. వెంట పక్క ఊరి సర్పంచి, చేతిలో స్వీటు డబ్బా.

"అమ్మా, మా ఊరికి గూడ సోలార్ ప్లాంటు వస్తున్నది" అన్నాడు సర్పంచి, చేతులు జోడించి. "లెక్క మీరే చెయ్యాలె."

"తప్పకుండ. ఈపారి హద్దులన్ని సరిగ్గ పెట్టి, మంచిగ చేస్తం" అన్నాను, ఉన్న గౌరవమంతా కూడగట్టుకుని.

సర్పంచి అదిరిపడ్డాడు. "అయ్యయ్యో, సరిగ్గ వద్దు తల్లీ! గా ఊరికి చేసినట్టే, జర మర్చిపోయి చెయ్యి!"

వెనక నుంచి మామ మురిసిపోతున్నాడు. "నేనే చెప్పిన బిడ్డా. నా మేనకోడలు సరిగ్గ చేస్తే ఏం రాదు, మర్చిపోతేనే పనైతదని."

నర్సింగరావు సారు డబ్బాలోంచి ఒక స్వీటు తీసుకున్నారు.

ఆ రోజే, ఆ మూడు బల్లల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. నా కంఠంలో ప్రాణం ఉన్నంతవరకు, అది జనరేటరైనా సరే, మేనమామైనా సరే, హద్దు పెట్టకుండా వదలను. జనరేటర్ల విషయంలో ఇప్పటిదాకా మాట తప్పలేదు.